నాలుగో వరుస ఫిడేలు

పోయిన దసరాకి ముందు మా అమ్మకి ఎడమకంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం. "టీవీ చూసుకోవచ్చమ్మా, ఏం ఫర్వాలేదు" అనే అన్నారు డాక్టరుగారు. కాని మా అమ్మకి డాక్టర్ల మాట కంటె వాళ్ళ పెద్దమ్మ మాట మీద గురి ఎక్కువ. ఆ పెద్దమ్మగారు పోయి ముప్ఫై ఏళ్ళయింది. బతికున్న రోజుల్లో ఎప్పుడో "కన్ను కోయించుకున్నాక నలభై రోజులు వెలుతురు చూడకూడదు" అన్నారట. అంతే! నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కుర్చీని గోడవైపు తిప్పుకుని హాల్లో కూర్చునేది అమ్మ. పోనీ గదిలో పడుకోరాదూ అంటే, "గదిలో ఏం వినపడుతుందే?" అనేది.

సరిగ్గా అదే వారం మావాడు హాస్టల్ నుంచి సెలవలకి వచ్చాడు. ఈ కాలం ఇంజనీరింగ్ పిల్లలకి చదువొక్కటే ఉంటుందా? మూడు ఇంగ్లీషు సినిమాలు వరసగా చూడాలన్నాడు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. 2001లో ఒకటి, 2002లో ఒకటి, 2003లో ఒకటి వచ్చాయి. వాడు పుట్టకముందు సినిమాలు. మూడూ కలిపితే తొమ్మిది గంటల పైచిలుకు. "తొమ్మిది గంటలసేపు ఉంగరం గొడవేమిట్రా, మా శకుంతలకి కూడా అంత పట్టలేదు!" అన్నాను. వాడు నవ్వలేదు. వాళ్ళకి కొన్ని విషయాల్లో హాస్యం పనికిరాదు.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. టోల్కీన్ అనే ఆక్స్‌ఫర్డు ప్రొఫెసరుగారు రాసిన నవల. ఒక దుష్టుడి ఉంగరం, దాన్ని పుట్టిన అగ్నిపర్వతంలోనే పారేసి రావడానికి బయల్దేరిన ఒక పొట్టివాడు. ఆ పొట్టివాళ్ళ ఊరు పచ్చగా, పొలాలూ తోటలూ, గుండ్రటి తలుపులూ, వేళకి భోజనాలూ. మన కోనసీమే అనుకోండి, కొబ్బరిచెట్లు తప్ప.

నేను సోఫాలో కూర్చుని సగం సినిమా, సగం వారపత్రిక చూస్తున్నాను. అమ్మ గోడవైపు తిరిగి, ఒళ్ళో చేట పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కళ్ళతో పనిలేని పని అది. ఆమెకి ఇంగ్లీషు రాదు. బొమ్మ కనపడదు. మొదట ఊళ్ళో సీను వచ్చినప్పుడు పిల్లనగ్రోవిలాంటిదీ, ఫిడేలూ కలిసి ఓ చిన్న పాట వినిపించాయి. చాలాసేపటికి ఆ పొట్టివాడు ఊరు వదిలి ఎక్కడెక్కడో తిరుగుతున్నాడు. అప్పుడు అమ్మ చెయ్యి ఆగింది.

"ఏమే, వాడికి ఇల్లు గుర్తొచ్చిందా?" అంది.

నేను తెరవైపు చూశాను. నిజంగానే కుర్రాడి మొహంలో దిగులుంది. "నీకెలా తెలిసింది?" అన్నాను.

"ఇందాక ఊళ్ళో వచ్చిన పాటే కదా. ఇప్పుడు నెమ్మదిగా, కింద స్థాయిలో వాయిస్తున్నారు" అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.

చెప్పొద్దూ, నాకు కొంచెం సిగ్గేసింది. రెండు కళ్ళూ తెరుచుకుని చూస్తున్నదాన్ని, బి.ఏ. చదివినదాన్ని, పది నవలలు రాసినదాన్ని, నాకు పాట మళ్ళీ వచ్చిందని తెలియనే లేదు. కళ్ళు నిండిపోతే చెవులు ఖాళీ అవుతాయి కాబోలు.

ఆ తరవాత సినిమా చూడటం మానేసి అమ్మని చూడటం మొదలుపెట్టాను. మావాడికి కూడా సరదా పుట్టింది. ఇక వాడు బొమ్మ చెప్పడం, ఆవిడ పాట చెప్పడం. తొమ్మిదిమంది కలిసి ప్రయాణానికి సిద్ధమైన చోట ఒక వీరగీతం పూర్తిగా వినిపిస్తుంది. అంతకుముందు అది ముక్కలు ముక్కలుగా వచ్చిందని అమ్మ ముందే పట్టేసింది. తరవాత ఆ తొమ్మిదిమందిలో పెద్దాయన అగాధంలో పడిపోయి, గుంపు చెదిరిపోతుంది. ఆ పాట మళ్ళీ వస్తుంది గాని నిండుగా రాదు. "ఉమ్మడికుటుంబం విడిపోయినట్టుందే" అంది అమ్మ.

విలన్ల సైన్యం తయారయ్యే చోట ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుళ్ళు. నేను చెవులు మూసుకున్నాను. అమ్మ చేట పక్కన పెట్టి తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టింది. "తక తకిట, తక తకిట... ఇది అయిదురా అబ్బాయీ! ఖండచాపు!" అంది. మావాడు ఫోన్లో వెతికి, "అమ్మమ్మా, నిజమే! అయిదు దెబ్బల లెక్కేనట!" అని కేకపెట్టాడు. నాలుగు దెబ్బలకి అలవాటుపడ్డ చెవికి అయిదోది గుచ్చుకుంటుంది, ఎక్కడా కుదురుగా కూర్చోనివ్వదు. రాక్షసులకి అదే తగిన తాళం అని ఎంచుకున్నాడన్నమాట ఆ సంగీతకర్త.

ఆయన పేరు హోవర్డ్ షోర్. కెనడాలోని టొరంటోలో 1946లో పుట్టాడు. చిన్నప్పుడే క్లారినెట్ నేర్చుకుని, తరవాత అమెరికా టీవీలో ఒక హాస్య కార్యక్రమానికి సంగీతం చూసుకుని, సినిమాల్లోకి వచ్చాడు. అందులో భయపెట్టే సినిమాలు చాలా ఉన్నాయి. ఈ మూడు సినిమాల మీద ఆయన దాదాపు నాలుగేళ్ళు కూర్చున్నాడు. నాలుగేళ్ళు! నేను ఒక సీరియల్ ఇరవై ఆరు వారాలు రాసేసరికి వేళ్ళు కొంకర్లు పోయి, ఆ సంపాదకుల పేరు చెబితేనే జ్వరం వచ్చేది.

సినిమా సంగీతం అంటే మనకి పాటలే. పాట ముందు కట్టి, దాని మీద బొమ్మ తీస్తారు. వెనకాల వచ్చే సంగీతం సంగతి తలకిందులు. బొమ్మంతా తీసి, కోసి, అతికించాక, దర్శకుడూ సంగీతకర్తా కూర్చుని "ఇదిగో ఈ క్షణంలో మొదలవ్వాలి, ఆ తలుపు మూసేసరికి ఆగాలి" అని గుర్తులు పెట్టుకుంటారు. సెకను లెక్కలతో రాసుకోవాలి. మాట మీద పడకూడదు, మాట ఆగినచోట ఎత్తుకోవాలి. తీరా అంతా రాశాక దర్శకుడు సీను పది సెకన్లు కత్తిరించాడనుకోండి, మళ్ళీ మొదటికొస్తుంది. ఇంట్లో పదిమందికి వండి వడ్డించబోయే వేళకి "ఇంకో ఆరుగురు వస్తున్నారు" అన్నట్టు! ఆడవాళ్ళకి ఈ విద్య ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయన ఒక్కొక్క జాతికి ఒక్కొక్క గొంతు ఇచ్చాడు. ఊరివాళ్ళకి విజిలూ ఫిడేలూ. వనదేవతల్లాంటి వాళ్ళకి ఆడవాళ్ళ కోరస్. భూగర్భంలో గనులు తవ్వుకునే మరుగుజ్జులకి బొంగురు మగగొంతులు. దానికోసం మావోరీ, సమోవా జాతుల మగవాళ్ళని పిలిచి పాడించారు. రాక్షసులకి ఇనుపపలకలూ, గొలుసులతో కొట్టిన పియానో తీగలూ. ఇలాంటి చిన్న చిన్న పాటముక్కలు మూడు సినిమాల్లోనూ కలిపి 80కి పైగా ఉన్నాయని లెక్కపెట్టి, 2010లో దీని మీదే ఒకాయన పెద్ద పుస్తకం వేశాడు. సంగీతం మొత్తం 2005 నుంచి 2007 దాకా విడుదల చేస్తే దాదాపు పదిగంటలు వచ్చింది.

నా మనసుకి బాగా పట్టిన సంగతి ఇంకోటి ఉంది. కోరస్ పాడే మాటలు ఇంగ్లీషు కావు. టోల్కీన్‌గారు తన కథలో జాతుల కోసం భాషలే పుట్టించారు కదా, ఆ భాషల్లో పాడించారు. గుర్రాలవాళ్ళ రాజ్యానికి మాత్రం వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషు. ఆ పాటల మాటల్లో చాలామటుకు రాసింది ఇద్దరు ఆడవాళ్ళు. ఫ్రాన్ వాల్ష్, ఫిలిప్పా బోయెన్స్. దర్శకుడు పీటర్ జాక్సన్‌తో కలిసి స్క్రీన్‌ప్లే రాసింది కూడా వాళ్ళే. డేవిడ్ సాలో అనే భాషావేత్త ఆ మాటల్ని పుట్టించిన భాషల్లోకి మార్చాడు. ఎవరికి అర్థమవుతుందని ఇంత కష్టం? ఎవరికీ అర్థం కాదు. అయినా సరైన మాటే ఉండాలనుకున్నారు. మన 'బాహుబలి'లో కాలకేయులకి కూడా ఇలాగే కిలికి అని ఒక భాష కట్టారు, గుర్తుందా? మన గుళ్ళో పూజారిగారి మంత్రం మనలో ఎందరికి అర్థమవుతుంది? తప్పు చదివితే మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది.

రెండో సినిమాలో ఒక చోట ఆడగొంతు ఒకటి వస్తుంది. వీరుడు నదిలో కొట్టుకుపోతూ ప్రాణానికీ మరణానికీ మధ్య ఉన్నప్పుడు. అమ్మ ఒక్కసారి ఇటు తిరిగింది, పెద్దమ్మ మాట కూడా మరిచిపోయి. "ఇది మనవాళ్ళ గొంతులా ఉందే!" అంది. వెతికితే అదీ నిజమే. షీలా చంద్ర అనే గాయని పాడింది. కేరళ నుంచి వెళ్ళిన కుటుంబం, లండన్లో పుట్టింది. మన మృదంగం వాళ్ళు నోటితో చెప్పే సొల్లుకట్టుని తీసుకుని 1992లో రికార్డు కూడా ఇచ్చింది. తరవాత ఆ అమ్మాయికి నోరు మంటపుట్టే ఒక జబ్బు వచ్చింది. పాడితే భరించలేని నొప్పి. పాట మానేసి, పుస్తకాలు రాయడం మొదలుపెట్టింది. మావాడు ఇది చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "పాడగలిగినంతకాలం పాడింది. అది చాలులే" అంది చివరికి. ఎవరితో అందో నాకు అప్పుడు తెలియలేదు.

గుర్రాలవాళ్ళ రాజ్యం వచ్చింది. మళ్ళీ ఫిడేలు. కాని మామూలు ఫిడేలు కాదు, నార్వే దేశపు ఫిడేలట. హార్డంగర్ అంటారు. పైన నాలుగు తంతులుంటాయి, కమానుతో వాయించేవి. వాటి అడుగున ఇంకో నాలుగో అయిదో తంతులుంటాయి. వాటిని ఎవరూ ముట్టుకోరు. పైతంతి పలికితే అవి వాటంతటవే మోగుతాయి.

"అందుకే అనుకున్నా. ఒకళ్ళు వాయిస్తుంటే లోపలెవరో మూలిగినట్టుంది" అంది అమ్మ. కాసేపాగి, "అటక మీద ఉందా, పోయిందా?" అంది.

"ఏమిటి?"

"నా ఫిడేలు."

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. మా అమ్మకి ఫిడేలు వచ్చని నాకు తెలుసు. ఎలా తెలుసంటే, మా నాన్నకి పెళ్ళికి ముందు క్రికెట్ వచ్చని తెలిసినట్టు. అటక మీద నల్లపెట్టె ఉందనీ తెలుసు. ఇల్లు మారినప్పుడల్లా "ఇది పడెయ్యనా?" అని అడగడం, "ఉండనీ" అనడం, అంతే. నా పది నవలల్లో ముగ్గురు కథానాయికలు సంగీతం వదులుకున్నారు. ఒకామె మొగుడి అహంకారం వల్ల, ఒకామె అత్తగారి వల్ల, ఒకామె క్షయ వల్ల. కన్నీళ్ళు పెట్టుకుంటూ ఉత్తరాలు రాశారు పాఠకురాళ్ళు. పక్కగదిలో మా అమ్మ మావాణ్ణి భుజాన వేసుకుని నిద్రపుచ్చుతుంటే నేను అవి రాశాను. ఆవిణ్ణి ఒక్కనాడూ అడగలేదు.

ఆ రాత్రి అడిగాను.

1972. అమ్మకి పంతొమ్మిదేళ్ళు. బెజవాడలో ఫిడేలు నేర్పిన మాష్టారికి మద్రాసు సినిమా వాద్యబృందంలో పరిచయాలున్నాయి. ఒకసారి ఎవరికో జ్వరమొచ్చి మనిషి తక్కువైతే, ఆయన అమ్మని తీసుకెళ్ళారు, వెంట తాతయ్యతో సహా. స్టూడియోలో ఫిడేళ్ళు నాలుగు వరసలు. అమ్మ నాలుగో వరసలో, గోడపక్కన. ఆ రోజుల్లో గాయనీ వాద్యాలూ అందరూ కలిసి ఒకేసారి. ఎవరు తప్పినా మళ్ళీ పల్లవి నుంచి.

"మూడో టేకులో నేనే తప్పాను" అంది అమ్మ, యాభై ఏళ్ళ తరవాత కూడా గొంతు తగ్గించి. "ఎవరో తప్పారని తెలిసింది గాని ఎవరో తెలియలేదు. సంగీత దర్శకుడు అందరి మొహాలూ చూశాడు. నేను కమాను వంక చూస్తూ కూర్చున్నా. అయిదో టేకు బాగా వచ్చింది."

కవర్లో డబ్బులిచ్చారు. ఆ డబ్బుతో మూర్ మార్కెట్లో కొత్త తంతుల సెట్టు కొనుక్కుంది. రెండేళ్ళకి పెళ్ళయింది.

"నాన్న వద్దన్నారా?" అన్నాను. నా చేతిలో అప్పటికే ఒక నవల మొదలైపోయింది.

"ఛ, ఆయనెందుకంటారు? నిక్షేపంలా వాయించుకో అన్నారు. మీ మామ్మ కూడా అంది. అందరూ వాయించుకోమనే అన్నారే. ఎప్పుడు అన్నది ఎవరూ చెప్పలేదు."

నా నవలల్లో విలన్లందరూ ఆ ఒక్కమాటతో నీరుగారిపోయారు.

మూడో సినిమా మర్నాడు చూశాం. అయిపోయాక మావాడు ఒక వీడియో పెట్టాడు. ఈ సినిమాల్ని ఇప్పుడు ఊరూరా పెద్ద హాళ్ళలో ఇంకోలా కూడా వేస్తున్నారట. తెర మీద మాటలతో సినిమా నడుస్తుంటే, కింద వేదిక మీద వాద్యబృందం, కోరస్, పిల్లల గొంతులు, అంతా కలిపి రెండొందలమందికి పైగా, సంగీతం మొత్తం అప్పటికప్పుడు వాయిస్తారు. కండక్టరు ఒక కన్ను తెర మీద, ఒక కన్ను కాగితం మీద పెట్టుకుని మూడుగంటలు నిలబడతాడు. అసలు రికార్డింగ్ మాత్రం చాలావరకు లండన్ ఫిల్‌హార్మనిక్ వాళ్ళతో జరిగింది, షోర్ స్వయంగా నిర్వహించాడు. ఆయనకి మొదటి సినిమాకి 2002లోనూ, మూడోదానికి 2004లోనూ ఆస్కార్లు వచ్చాయి.

అమ్మ ఆస్కార్ సంగతి వినిపించుకోలేదు. "ఆ వీడియోలో ఫిడేళ్ళవాళ్ళు కనపడుతున్నార్రా?" అంది.

"ఆఁ, అందరూ కనపడుతున్నారు అమ్మమ్మా."

"వెనక వరసలోవాళ్ళు కూడానా?"

మావాడు దగ్గరికి జరిపి చూసి, "ఒకావిడ ఉంది, తెల్లజుట్టు. మన కథ వైపు చూడనే చూడటం లేదు, తల దించుకుని వాయిస్తోంది" అన్నాడు.

"చూడకూడదు. కథలో పడితే చెయ్యి జారుతుంది" అంది అమ్మ. మూడో టేకు రహస్యం అదే కాబోలు!

ఆ సాయంత్రం నేను ఉండబట్టలేక అమ్మ వాయించిన పాట ఏదో కనుక్కుని ఫోన్లో పెట్టాను. పాట పేరు నేను చెప్పను. మీరంతా వందసార్లు విన్నదే, మీ అమ్మగారు మీకు జోలపాటగా పాడి ఉండొచ్చు కూడా. చరణానికి ముందు ఫిడేళ్ళన్నీ ఒక్కసారి అలలా లేస్తాయి.

"ఇదుగో, ఇక్కడ" అంది అమ్మ, వేలెత్తి.

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. మూడోసారి చెవి ఫోనుకి ఆనించి విన్నాను. ఒక్క అలే వినపడింది. అందులో అమ్మ ఎక్కడుందో నాకు తెలియలేదు.

"వినపడిందా?" అంది.

అబద్ధం చెబుదామా అనుకున్నాను. నవలలు రాసేదాన్ని, నాకదేం కష్టం కాదు. కాని ఆ నల్లకళ్ళద్దాల వెనక ఏముందో కనపడక ధైర్యం చాలలేదు. "లేదమ్మా. అందరూ కలిసిపోయి ఒకటే వినిపించింది" అన్నాను.

అమ్మ మొహం విప్పారింది. "అదేనే మరి! విడిగా వినపడితే అది తప్పు. మూడో టేకులో విడిగా వినపడ్డాను" అంది.

మావాడు అప్పటికే అటక ఎక్కాడు. పెట్టె దించి దుమ్ము దులిపితే లోపల ఎర్ర మఖమల్ ముక్కలో ఫిడేలు చుట్టి ఉంది. మూర్ మార్కెట్ తంతుల్లో రెండు తెగిపోయాయి, రెండు తుప్పుపట్టి ఉన్నాయి. కమాను వెంట్రుకలు పురుగు కొట్టేసింది. వాడు మర్నాడే దాన్ని బాగుచేయించడానికి పట్టుకెళ్ళాడు. షాపతను కొత్తది కొనుక్కుంటేనే చవక అన్నాడట. "చవక సంగతి మిమ్మల్నెవరు అడిగారండీ?" అని వచ్చాడు మా నాయన. ఈ ఒక్కదాంట్లో వాడికి హాస్యం లేకపోవడమే నయమైంది.

అమ్మ నలభై రోజుల దీక్ష ముగిసేసరికి ఫిడేలు ఇంటికొచ్చింది. కుర్చీ ఇటు తిరిగింది. నల్లకళ్ళద్దాలు పోయాయి. రోజూ నాలుగింటికి బిరడాలు బిగించి, శ్రుతి చేసుకుని, సరళీ వరసలు మొదలుపెడుతుంది. వేళ్ళు వణుకుతాయి. అపశ్రుతులు వస్తాయి. మొన్న పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి, "మీ ఇంట్లో గ్రైండరేమైనా పాడైందా అండీ?" అని చాలా మర్యాదగా అడిగింది.

"లేదండీ. మా అమ్మ విడిగా వాయిస్తోంది" అన్నాను.